గుట్టు ఎవరిది?

సంసారం గుట్టు, రోగం రట్టు అని సామెత. అందులో గుట్టు సంసారానిది. ఆ సంసారం మోసే స్త్రీకి తనదంటూ ఒక గుట్టు ఉండొచ్చన్న ఊహ సామెతలో లేదు. ఒకప్పుడు ఆమెకొచ్చిన ఉత్తరాన్ని ఇంట్లో ఎవరైనా విప్పి చదివేవారు. ఇప్పుడు ఆమె ఫోన్ ఎవరైనా తెరిచి చూస్తున్నారు. చూపించనంటే "దాచుకోవాల్సినంత ఏముంది?" అన్న ప్రశ్న సిద్ధంగా ఉంటుంది. డిజిటల్ లోకంలో మానవహక్కులు అనగానే ప్రభుత్వ నిఘా, కంపెనీలు మన వివరాలతో చేసే వ్యాపారం గుర్తొస్తాయి. అవి నిజమైన భయాలే. కానీ మన దేశంలో గోప్యతా హక్కు చరిత్రను స్త్రీల వైపు నుంచి చదివితే మరో నిఘా కనిపిస్తుంది. అది గడప లోపలిది.

ఈ చరిత్రను మామూలుగా ఖరక్ సింగ్ కేసుతో మొదలుపెడతారు. దోపిడీ కేసులో సాక్ష్యం లేక విడుదలైన అతని మీద ఉత్తరప్రదేశ్ పోలీసులు నిఘా పెట్టి, అర్ధరాత్రి వచ్చి తలుపు తట్టేవారు. 1962లో సుప్రీంకోర్టు గోప్యత ప్రాథమిక హక్కు కాదంటూనే, ఆ రాత్రి తనిఖీలు మాత్రం చెల్లవంది. పోలీసు తలుపు తడితే ఇంటి యజమాని స్వేచ్ఛకు ఎంత భంగమో కోర్టుకు అర్థమైంది. తలుపు తట్టేవాడు డిక్రీ చేత పట్టుకున్న భర్త అయితే?

ఆ ప్రశ్న అంతకంటే పాతది. పదకొండేళ్ళకు పెళ్ళయిన రుక్మాబాయి పెద్దయ్యాక కాపురానికి వెళ్ళనంది. 1884లో భర్త బొంబాయి హైకోర్టుకెక్కాడు. 1887లో కోర్టు ఆమెను కాపురానికైనా వెళ్ళమంది, ఆరు నెలలు జైలుకైనా వెళ్ళమంది. ఆమె జైలుకే సిద్ధపడింది. 1888లో డబ్బు కట్టి రాజీ చేసుకుని, లండన్ వెళ్ళి వైద్యం చదివి డాక్టరైంది. స్వతంత్ర భారతం ఆ డిక్రీని వదులుకోలేదు. 1955 హిందూ వివాహ చట్టం 9వ సెక్షన్‌లో 'దాంపత్య హక్కుల పునరుద్ధరణ' పేరుతో దానికి మళ్ళీ చోటిచ్చింది. కాపురానికి రానంటే ఇప్పుడు జైలు లేదు, ఆస్తి జప్తు ఉంది.

ఆ సెక్షన్‌ను మొదటిసారి కూలదోసింది మన హైకోర్టే. సినీనటి సరిత హైస్కూల్లో చదువుతున్న పదహారేళ్ళ పిల్లగా ఉన్నప్పుడు, 1975లో తిరుపతిలో తనను పెళ్ళి చేసుకుందంటూ ఒకతను కడప కోర్టులో 9వ సెక్షన్ కింద దావా వేశాడు. ఆ పెళ్ళి అయిందంటున్న వెంటనే ఇద్దరూ విడిపోయారు. వివాదం ఆంధ్రప్రదేశ్ హైకోర్టుకు వచ్చింది. 1983 జూలై 1న జస్టిస్ పి.ఎ. చౌదరి ఆ సెక్షన్ రాజ్యాంగ విరుద్ధమని తీర్పు చెప్పారు. ఎవరితో, ఎప్పుడు, అసలు బిడ్డను కనాలా వద్దా అన్న నిర్ణయాన్ని ఈ డిక్రీ స్త్రీ చేతి నుంచి లాక్కుని రాజ్యం చేతిలో పెడుతుందన్నది ఆయన వాదన సారాంశం. చట్టం మాటల్లో భార్యాభర్తలు సమానమే అయినా, ఆచరణలో దాని బరువంతా భార్య మీదే పడుతుందని కూడా ఆయన చూశారు. గోప్యత అంటే నాలుగు గోడలు కాదు, ఆ గోడల మధ్య ఉన్న మనిషి అని మన న్యాయచరిత్రలో ఇంత సూటిగా అంతకుముందు ఎవరూ చెప్పలేదు.

ఆ తీర్పు నిలిచింది పదమూడు నెలలే. కొద్ది నెలలకే ఢిల్లీ హైకోర్టు దానితో విభేదించింది. ఇంట్లోకి రాజ్యాంగాన్ని తీసుకురావడం పింగాణీ సామాన్ల కొట్లోకి ఆబోతును వదిలినట్టేనంది. 1984 ఆగస్టులో సరోజ్ రాణి కేసులో సుప్రీంకోర్టు ఢిల్లీ వైపే మొగ్గింది. పగిలేది ఎవరి పింగాణీ అని ఎవరూ అడగలేదు.

మన హైకోర్టుకు మాత్రం మళ్ళీ ఒక సందర్భం వచ్చింది. 2007లో ఒక విడాకుల కేసులో భర్త ఒక హార్డ్ డిస్క్‌ను సాక్ష్యంగా తెచ్చాడు. భార్య తన తల్లిదండ్రులతో, స్నేహితులతో మాట్లాడుకున్న ఫోన్ మాటలు ఆమెకు తెలియకుండా రికార్డు చేసి పెట్టాడు. అది ఆమె గోప్యతకు భంగమని, సాక్ష్యంగా చెల్లదని హైకోర్టు తేల్చింది. పుట్టింటివాళ్ళతో చెప్పుకున్న కష్టం భర్త చేతిలో ఆయుధమవడం తెలుగు స్త్రీలకు కొత్త కాదు. ఆయుధం ఎలక్ట్రానిక్ రూపం తీసుకోవడం ఒక్కటే కొత్త.

2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో తొమ్మిదిమంది న్యాయమూర్తులు ఏకగ్రీవంగా గోప్యత ప్రాథమిక హక్కేనన్నారు. ఆధార్ వివాదం నుంచి పుట్టిన ఆ తీర్పులో, గోప్యత పితృస్వామ్య హింసకు ముసుగు కాకూడదన్న స్త్రీవాద హెచ్చరికకూ చోటు దొరికింది. మరుసటి ఏడాది జోసెఫ్ షైన్ తీర్పులో జస్టిస్ చంద్రచూడ్ సరిత తీర్పును ఆదరంగా గుర్తు చేశారు.

మరి చట్టాలు? 2013లో శిక్షాస్మృతిలో చేరిన 354డి, స్త్రీ వాడే ఇంటర్నెట్, ఈమెయిల్ మీద మగవాడు నిఘా పెట్టడాన్ని నేరంగా చెప్పింది. 2024 జూలై నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో అది 78వ సెక్షన్. అందులో భర్తకు మినహాయింపు రాసిలేదు. కానీ పరిస్థితులను బట్టి సమంజసమైతే నేరం కాదన్న వెసులుబాటు ఉంది. భర్త అనుమానం ఈ సమాజానికి ఎప్పుడు సమంజసంగా కనిపించలేదు? 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టమైతే, వ్యక్తులు సొంత, ఇంటి అవసరాలకు వాడే సమాచారం తన పరిధిలోకి రాదని ముందే చెప్పేసింది. మళ్ళీ అదే గడప.

2025 జూలైలో సుప్రీంకోర్టు, భార్యాభర్తలు తమ మధ్య మాటలను రహస్యంగా రికార్డు చేసినా విడాకుల కేసులో సాక్ష్యంగా పనికొస్తాయంది. ఒకరి మీద ఒకరు నిఘా పెట్టుకునే స్థితి వచ్చిందంటే ఆ పెళ్ళి అప్పటికే చెడిందని వ్యాఖ్యానించింది. ఈ తీర్పును తేలిగ్గా కొట్టిపారేయలేం. నాలుగు గోడల మధ్య హింసకు సాక్షులుండరు. ఫోన్‌లో రికార్డయిన బెదిరింపే కొందరు స్త్రీలకు మిగిలిన ఏకైక ఆధారం. ఇంటి గుట్టు రట్టు చేయడమే రాజకీయమని నమ్మి రాసినవాళ్ళం మనం. కానీ తన మీద జరిగే హింసను నమోదు చేసుకోవడం ఒకటి, భార్య మాటలను ఏళ్ళ తరబడి పోగుచేయడం ఇంకొకటి. రెండింటికీ ఒకే యంత్రం పనికొస్తుంది కాబట్టి రెండూ ఒకటే అనుకోవడం, 9వ సెక్షన్ భార్యాభర్తలకు సమానమే కదా అనడం లాంటిదే. ఆ తేడాను సరిత తీర్పు 1983లోనే పట్టుకుంది.

అందుకే డిజిటల్ హక్కుల చర్చను మనం సర్వర్ల దగ్గర, కంపెనీల దగ్గర మాత్రమే మొదలుపెట్టకూడదు. ఫోన్ పాస్‌వర్డ్ చెప్పనన్నందుకు చెంపదెబ్బ తిన్న అమ్మాయి దగ్గర మొదలుపెట్టాలి. ఆమె అడుగుతున్నది రహస్యాన్ని కాదు. కాపురానికి రానన్న రుక్మాబాయి అడిగినదే, తన విషయంలో తన మాట చెల్లడాన్ని అడుగుతోంది.