మంచు కింద పదిహేను నిమిషాలు: ఒక గాలిసంచి చరిత్ర

మంచుచరియల కింద కూరుకుపోయిన మనిషి చలికి గడ్డకట్టి మరణిస్తాడని చాలామంది భావిస్తారు. వాస్తవానికి ఈ మరణాలలో అత్యధికం ఊపిరాడకనే సంభవిస్తాయి. విడిచిన శ్వాసలోని తేమ ముఖం ముందున్న మంచుపై గడ్డకట్టి పొరగా ఏర్పడుతుంది. దాని వెనుక కార్బన్ డయాక్సైడ్ పేరుకుంటుంది, ప్రాణవాయువు క్షీణిస్తుంది. స్విట్జర్లాండ్ ప్రమాదాల ఆధారంగా 1994లో ‘నేచర్’ పత్రికలో వెలువడిన అధ్యయనం ప్రకారం, పూర్తిగా కూరుకుపోయినవారిలో 15 నిమిషాల వద్ద 92 శాతం మంది సజీవులుగా ఉండగా, 35 నిమిషాలకు ఆ సంఖ్య 30 శాతానికి పడిపోయింది. కొండ కింది నుండి సహాయక బృందం చేరేలోపే ఈ వ్యవధి సాధారణంగా ముగిసిపోతుంది.

కనుక మానవుని ముందు రెండు మార్గాలే మిగిలాయి: కూరుకుపోయినవానిని తోటివారే వెంటనే కనుగొనడం, లేదా అసలు కూరుకుపోకుండా చూడడం. మొదటి మార్గానికి 1968లో అమెరికాలోని బఫెలో నగరంలో జాన్ లాటన్ రూపొందించిన రేడియో సంకేత పరికరం నాంది పలికింది. రెండవ మార్గం జర్మనీ అడవులలో పుట్టింది.

1970 దశకంలో బవేరియాకు చెందిన జోసెఫ్ హోహెనెస్టర్ అనే అటవీ ఉద్యోగి, వేటాడిన జంతువును భుజాన మోసుకొని వస్తూ మంచుచరియలలో చిక్కుకొన్నప్పుడు తాను పైననే తేలి ఉండడం గమనించాడు. ఆ భారమే తనను కాపాడిందని ఆయన ఊహించాడు. ఆ ఆలోచన హక్కులను పీటర్ అషావర్ 1980లో స్వీకరించి, ఏబీఎస్ సంస్థ ద్వారా 1985లో మొదటి గాలిసంచిని ప్రజల ముందుంచాడు.

దీని సూత్రం మన వంటింటిలోనే కనిపిస్తుంది. మిక్చరు డబ్బాను పదేపదే కుదిపితే పెద్ద పలుకులు పైకి వస్తాయి, పొడి అడుగుకు చేరుతుంది. పారుతున్న మంచు కూడా అట్లే చిన్న, పెద్ద కణాలను వేరుచేస్తుంది. ఉబ్బిన సంచి మనిషి పరిమాణాన్ని పెంచి ఆయనను ‘పెద్ద పలుకు’గా మారుస్తుంది. అయితే ఈ సూత్రం మంచు కదులుతున్నంతసేపే పనిచేస్తుంది. ఆగిన తరువాత సంచి పైకి లేపలేదు.

తొలి సంచులు సిలిండరులో కుదించిన వాయువుతో నిండేవి. ఆ పద్ధతి నేటికీ ఉన్నది. అయితే ఒకసారి లాగితే సిలిండరు ఖాళీ అవుతుంది. విమాన ప్రయాణంలో దానికి ఆంక్షలుంటాయి. 2010 దశకంలో బ్యాటరీతో తిరిగే ఫ్యాన్ రకాలు వచ్చాయి. వీటితో అదనపు ఖర్చు లేకుండా పదేపదే సాధన చేయవచ్చును.

ఈ సాధన ఎంత ముఖ్యమో 2014లో ‘రిససిటేషన్’ వైద్య పత్రికలో పాస్కల్ హేగెలీ బృందం ప్రచురించిన పరిశోధన తెలుపుతుంది. సంచి ఉబ్బినవారిలో మరణాలు 22 శాతం నుండి 11 శాతానికి తగ్గాయి. కాని ప్రతి అయిదుగురిలో ఒకరికి సంచి ఉబ్బనేలేదు. వాటిలో 60 శాతం సందర్భాలలో కారణం, ధరించినవారు పిడిని లాగకపోవడమే. యంత్రలోపం కంటే మనిషి తడబాటే పెద్ద శత్రువన్నమాట.

కాబట్టి కొనదలచినవారు ధరకంటే ముందు కొన్ని విషయాలు పరిశీలించాలి. చేతితొడుగు వేసుకొన్నా పిడి సులువుగా అందాలి. సంచి శరీరానికి సరిగా అమరాలి. కాళ్ల మధ్య నుండి వచ్చే పట్టీని తప్పక బిగించాలి. లేకుంటే ఉబ్బిన సంచి పైకి జారిపోవచ్చు. సంకేత పరికరం, వెతికే కర్ర, పార ఈ మూడూ తోడుండాలి; గాలిసంచి వీటికి ప్రత్యామ్నాయం కాదు. చెట్లకు, బండలకు తగిలే గాయాలను అది ఆపలేదు. లోయలలో పేరుకొనే మంచు సంచితో సహా మనిషిని కప్పివేయగలదు.

2023 ఫిబ్రవరిలో మన గుల్మార్గ్ వాలులోనే మంచుచరియలు ఇద్దరు పోలండ్ స్కీయర్లను బలిగొన్నాయి. శీతకాలంలో కాశ్మీరుకు స్కీయింగ్ కోసం వెళ్లే మన యువత ముందుగా ఆనాటి మంచు హెచ్చరికను చదవాలి. ప్రమాదకరమైన వాలును వదలి వెనుదిరగడాన్ని మించిన చికిత్స ఇంతవరకు ఎవరూ కనుగొనలేదు.