వీనర్ నిరాకరణ: యంత్రబుద్ధి, దేశరక్షణ, మనస్సాక్షి

కృత్రిమ మేధను గూర్చిన నైతిక చర్చ నేటిది కాదు. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో అమెరికా గణితవేత్త నార్బర్ట్ వీనర్, శత్రువిమానం మరుక్షణంలో ఎక్కడుంటుందో ముందుగా లెక్కగట్టే సిద్ధాంతాన్ని ఫిరంగుల కొరకు రూపొందించాడు. 1945లో హిరోషిమా ఆయనను కలచివేసింది. క్షిపణులపై పనిచేసే పరిశోధకుడొకరు ఆ పరిశోధన ప్రతి కోరగా ఇవ్వనన్నాడు. ఆ లేఖ 1947 జనవరిలో ‘అట్లాంటిక్ మంత్లీ’లో అచ్చయింది.

అయితే క్షిపణుల నిర్మాణం ఆగలేదు. పైగా ఆ సిద్ధాంతమే 1949లో గ్రంథంగా బహిరంగంగా వెలువడింది! కనుక ఒక్కని మనస్సాక్షి చాలదని చెప్పక తప్పదు. 1960 నాటికి వీనర్ ప్రశ్నే మారింది: యంత్రం మనకన్నా వేగంగా నిర్ణయిస్తే దాన్ని ఆపే వ్యవధి ఎవరికుంటుంది? 1964 నాటి తన గ్రంథం పేరులో ఆయన గోలెంను, అంటే యూదుల గాథల్లోని ప్రాణమున్న మట్టిబొమ్మను, చేర్చాడు. ప్రాగ్ గాథలో దాన్ని చేసినది యూదుల రక్షణ కొరకే. చివరకు చేసిన రబ్బీయే దాని ప్రాణం తీయవలసివచ్చింది.