పేకాటలో మంచి ముక్కల చరిత్ర

పేకాటను గూర్చి రేడియోలో ముచ్చటించుట బడిపంతులుపని చేసినవానికి తగునా యని మీలో కొందరు శంకింపవచ్చును. ఆడుమని చెప్పుటకు నేను రాలేదు. ఆటలోని లెక్కను మానవు డెట్లు గ్రహించెనో ఆ చరిత్ర చెప్పవలెనని నా తలంపు. ఈ లెక్క మనకు క్రొత్తదియు గాదు. భారతమున ఋతుపర్ణమహారాజు రథముమీదనుండియే తాండ్రచెట్టునకు గల ఆకులను, కాయలను ఎన్నియో చెప్పెను. నలుడు చెట్టును కూల్చి యెంచి చూడగా లెక్క సరిపోయెను. అంతట నలుడు తన అశ్వహృదయమును రాజునకిత్తునని చెప్పి, ఆయనవలన అక్షహృదయమును గ్రహించెను. సంఖ్య యెరిగినవానికే జూదము వశమగునని దీని తాత్పర్యముగా నేను విద్యార్థులకు బోధించుచుంటిని. అయితే ఆ సంఖ్య యెట్టిదో కథలో చెప్పబడలేదు.

దానిని శాస్త్రముగా నిలిపినవారు ఫ్రెంచి గణితవేత్తలు. ఆట నడుమ నిలిచిపోయినచో పందెపు సొమ్మును ఎవరి కెంత పంచవలెనను ప్రశ్నను గూర్చి 1654లో పాస్కలు, ఫెర్మా యనువారు ఉత్తరప్రత్యుత్తరములు నడిపిరి. గెలుచు అవకాశముచేత సొమ్మును గుణింపగా వచ్చినదే వాని న్యాయమైన భాగమని తేలినది. 1657లో హైగెన్సు అను డచ్చి పండితుడు ఈ విషయమును గ్రంథరూపమున ప్రకటించెను. మనము చెప్పుకొనబోవు దానికంతకును ఈ సూత్రమే ఆధారము.

ఇక ఆట మాట. 19వ శతాబ్దారంభమున అమెరికాలో మిసిసిపీ నదిమీదనున్న న్యూ ఆర్లియన్సు పట్టణమున పోకరు అను పేకాట తలయెత్తినది. ఆనాటి కట్టలో ఇరువదియే ముక్కలు. ఆసు, రాజు, రాణి, జాకీ, పది, ఇవి నాలుగు రంగులవి. నలుగురు కూర్చుండి తలకైదేసి పంచుకొన్నచో కట్ట ముగిసెడిది. నదిలో తిరుగు పొగయోడల వెంట ఆట యెగువకు ప్రాకినది. పిమ్మట కట్ట 52 ముక్కలకు పెరిగినది. ఈ ఆటనుండి పుట్టిన పలు శాఖలలో నేడు మిక్కిలి ప్రసిద్ధమైనది ‘టెక్సాసు హోల్డెం’. దీనికి రాబ్స్‌టౌను అను చిన్న ఊరు జన్మస్థానమని టెక్సాసు శాసనసభ 2007లో గుర్తించినది. 1967లో టెక్సాసు జూదరులు దీనిని లాస్ వేగాసునకు గొనిపోయిరి. 1970లో అచ్చట ప్రపంచపోటీలు ప్రారంభమయ్యెను.

ఇందు ఒక్కొక్కరికి రెండేసి ముక్కలు రహస్యముగా పంచుదురు. తరువాత మూడు, ఆపై ఒకటి, కడపట మరియొకటి, మొత్తము అయిదు ముక్కలను బల్ల నడుమ అందరికి కనబడునట్లు పరచుదురు. ఈ యేడింటిలో మేలైన అయిదింటిని కూర్చుకొన్నవాడు గెలుచును. పందెము పెంచుటకు నడుమ నడుమ అవకాశము కలదు. ఇష్టము లేనివాడు తన ముక్కలు పడవేసి తప్పుకొనవచ్చును. మొదటి రెండు ముక్కలు 1326 విధములుగా రావచ్చును. అందు రెండాసులు వచ్చుట ఆరు విధములే. అనగా 221 పర్యాయముల కొకసారి. దీనికి మించిన ఆరంభము లేదు.

ఆటగాండ్రు తొలుదొలుత అనుభవముమీదనే ముక్కల మంచిచెడ్డలు నిర్ణయించుకొనిరి. 1976లో డేవిడ్ స్క్లాన్‌స్కీ యనునతడు ఆరంభపు ముక్కలను తరగతులుగా విభజించి గ్రంథము ప్రకటించెను. డాయిల్ బ్రన్‌సను 1976, 1977లలో వరుసగా ప్రపంచపోటీ గెలిచి, ఆ దశాబ్దాంతముననే తన రహస్యములను పుస్తకముగా వ్రాసెను. 1980ల చివర కాలిఫోర్నియా క్లబ్బులలో ఈ ఆటకు తావు లభించినది. చేతిలోని వెట్టివైనను పడవేయక, బల్లచుట్టు నున్నవారందరును పందెము కట్టు విచ్చలవిడి ఆటలకు ఆ క్లబ్బులు పేరుపొందినవి. “ఇట్టిచోట మంచి ముక్కలకు విలువ లేదు, రెండాసులు పట్టినవాడే ఓడుచున్నాడు” అను మొర అప్పుడు బయలుదేరినది. ఈ మొర నిజమా?

కొంత నిజమే. ముక్కలు తెలియని ఒక్క ప్రత్యర్థి యెదుట రెండాసులు నూటికి 85 మారులు గెలుచును. ఇద్దరెదుట 73, నలుగురెదుట 56. తొమ్మండుగురు కడవరకు నిలిచినచో 31 మాత్రమే. పాస్కలు సూత్రమును ఇచ్చట ప్రయోగించి చూడుడు. తలకు నూరేసి రూపాయలు మొదటనే కట్టి, పిమ్మట పందెము లేదనుకొందము. ఒక్క ప్రత్యర్థితో నూరాటలాడినచో వచ్చునది 17,000, పెట్టినది 10,000, మిగులు 7,000. తొమ్మండుగురితో ఆడినచో 31 ఆటలలో వేయేసి రూపాయలు, అనగా 31,000 వచ్చును, మిగులు 21,000. ఓటములు హెచ్చినవి, లాభము మూడింతలైనది! ఈ లాభ మెచ్చటిది? మిగిలిన తొమ్మండుగురిలో ప్రతివాడును సగటున నూరు రూపాయలు పెట్టి 77 రూపాయలే తిరిగి పొందుచున్నాడు. ఆ నష్టమే ఇతని లాభము. కావున వారు ఏల వచ్చిరని కోపించుట అవివేకము.

అందుచేత తెలిసినవారు విచ్చలవిడి బల్లమీద బుకాయింపు మానుదురు. ముక్కలను పడవేయనివానిని బెదరించుట వ్యర్థము గదా! మంచి ముక్కలు వచ్చినపుడు మొదటనే పందెము హెచ్చించి, తక్కువ ముక్కలవారిచే ఎక్కువ వెల కట్టింతురు. ఆసు, రాజు వచ్చినవానికి బల్లమీది తొలి మూడు ముక్కలలో జత దొరకుట సుమారు మూడింట ఒకసారి మాత్రమే. దొరకనపుడు మందియెదుట ధనము పోయుట తగదు. రెండాసులైనను ఒక్క జతయే గదా! బల్లమీద ఒకే రంగు ముక్కలు పేరి, పలువురు పందెములు పెంచుచున్నపుడు, వచ్చినపుడు కలిగిన సంతోషమును మరచి, వానిని పడవేయగలవాడే నేర్పరి.

ఈ విద్యకు గల అసలు పరీక్ష లెక్కలో లేదు. నూటికి 69 మారులు ఓడుచు చిత్తము చెదరకుండుట యెందరికి సాధ్యము? పోయినదానిని ఒక్క ఆటలో రాబట్టుకొందునని పందెము పెంచుటయే పతనమునకు మొదటి మెట్టు. కురుసభలో ధర్మరాజు చేసినదియు నదియే. మరియు ఆట నడపు యజమాని ప్రతి రాశినుండియు తన భాగము తీసికొనును గనుక, బల్లచుట్టునున్నవారి మొత్తపు లెక్క ఎల్లప్పుడును నష్టమే. లాభము పొందునది బహుకొద్దిమంది. వారి లాభము తక్కినవారి యిండ్లనుండి వచ్చినదే.

మన ప్రాంతమున నేర్పు, అదృష్టములను గూర్చిన ఈ వాదము న్యాయస్థానముల కెక్కినది. సికిందరాబాదు క్లబ్బొకదాని వ్యాజ్యమున, రమ్మీ ప్రధానముగా నేర్పుతో గూడిన ఆటయని 1967లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. అయినను నేర్పు గల ఆటలకున్న మినహాయింపును తెలంగాణమున 2017లోను, ఆంధ్రప్రదేశమున 2020లోను చట్టములు సవరించి తొలగించిరి. సొమ్ముతో ఆన్‌లైన్‌లో ఆడు ఆటలను 2025లో పార్లమెంటు నిషేధించినది. ఆటలో నేర్పున్నదను మాట సత్యమే. కాని ఆ నేర్పు తనకున్నదని ఓడువాడు సైతము నమ్ముట చేతనే సంసారములు కూలుచున్నవి. పిల్లలకు ఈ లెక్కను కాగితముమీదనే నేర్పుడు. నూరింట 31 మారులు మాత్రమే గెలుచునది అన్నిటికంటె మేలైన ముక్క యని తెలిసినవాడు, తక్కిన ముక్కలకు తన యింటి సొమ్మును ఒడ్డుటకు వెనుదీయును.