తాగిన మైకమా? తలకు తగిలిన దెబ్బయా?

హైదరాబాదునకు ఉత్తరముగా రెండు పెద్ద బాటలు సాగుచున్నవి. ఒకటి మేడ్చల్ మీదుగా నాగపూరు వైపు పోవు 44వ నంబరు జాతీయ రహదారి. రెండవది శామీర్‌పేట మీదుగా కరీంనగరు పోవు రాజీవ్ రహదారి. నగరమును చుట్టివచ్చు 158 కిలోమీటర్ల వలయ రహదారి ఈ రెండింటిని కలుపుచున్నది. ఇట్టి బాటమీద రాత్రివేళ మోటారుసైకిలు నుండి పడినవాని దగ్గరకు మొదట చేరువాడు సాధారణముగా వైద్యుడు కాడు. దారిన పోవువాడో, గస్తీ తిరుగు పోలీసు జవానో అయి ఉండును. పడినవాని మాట తడబడుచున్నది, వాంతి అయినది, లేపబోయినవారిని తోసివేయుచున్నాడు. నోట కల్లు వాసన కూడ వచ్చినచో చూచువారేమందురు? “తాగి పడినాడు, పండుకోనిండు” అందురు.

ఈ పొరపాటు చాల పాతది. 19వ శతాబ్దములో ఇంగ్లండు వైద్యపత్రికలు దీనిని గూర్చి మాటిమాటికి వ్రాసినవి. తాగుబోతు అని ఠాణా కొట్టులో పడవేసిన మనిషి తెల్లవారుసరికి మరణించుట, కోసి చూడగా పుర్రె పగిలి ఉండుట అరుదు కాదు. 1877లో అక్కడ సెయింట్ జాన్ అంబులెన్సు సంఘము ఏర్పడి, సామాన్యులకు ప్రథమ చికిత్స నేర్పసాగినది. తొలినాటి విద్యార్థులలో పోలీసులు, రైల్వే పనివారు, గని కార్మికులు ఉండిరి.

తాగినవానికిని, తల పగిలినవానికిని పోలిక ఎందుకు వచ్చును? రెండు చోట్లను చెడునది మెదడు పనియే గనుక. అంతకన్న మోసకరమైనది మరియొకటి కలదు. కణత దగ్గర ఎముక పలుచన. దాని లోపలి వైపున ఒక ధమని పోవుచున్నది. ఎముక చిట్లి ఆ ధమని తెగినచో, పుర్రెకును మెదడు పైపొరకును నడుమ నెత్తురు చేరును. పడినవాడు కొంత సేపటికి తేరుకొని లేచి, “నాకేమియు కాలేదు” అని ఇంటికి పోవచ్చును. లోపల నెత్తురు చేరుచునే ఉండును, పుర్రె సాగునది కాదు, మెదడు నలుగును. కొన్ని గంటలలో నిద్రమత్తు, ఒక కంటిపాప పెద్దదగుట, పిదప స్పృహ లేకపోవుట. అందరిలోను ఈ మధ్య విరామము కనబడదు. కనబడినపుడు మాత్రము అది చుట్టుప్రక్కలవారిని నిశ్చయముగా మోసగించును.

వైద్యులకు సైతము చాలకాలము ఈ విషయమున ఒక కొలబద్ద లేకుండెను. ఒకరు “మగత” అన్నదానిని మరొకరు “అర్ధస్పృహ” అనుచుండిరి. 1974లో గ్లాస్గో నగరమున గ్రాహం టీస్‌డేల్, బ్రయన్ జెన్నెట్ అను శస్త్రవైద్యులు ఒక సులువైన లెక్క చేసినారు. దాని నేటి రూపములో కన్ను తెరచుటకు 4, మాటకు 5, కదలికకు 6: మొత్తము 15. ఏమియు లేనివానికి 3. ఎనిమిదికి దిగినచో గాయము తీవ్రమైనది. దీని గొప్ప ఏమనగా, నర్సు వేసిన అంకెకును ఆచార్యుడు వేసిన అంకెకును పెద్ద భేదముండదు. బాటమీద అంత లెక్క వేయలేనివారికి ఇంకను సులువైన ప్రశ్నలు నాలుగున్నవి: మెలకువగా ఉన్నాడా, పిలిచిన పలుకునా, గిల్లిన కదలునా, దేనికిని చలించడా? ఈ నాలుగును జవాను ఎవనికైనను ఒక పూటలో పట్టువడును.

మన ప్రాంతమున ఈ విద్యకు చోటు దొరకినది మేడ్చల్ రోడ్డుమీదనే. 2005 ఆగస్టు 15న హైదరాబాదులో మొదలైన 108 అంబులెన్సు సేవకు కేంద్రము దేవరయాంజాల్‌లో వెలసినది. ఒకే నంబరుకు వైద్యము, పోలీసు, అగ్నిమాపక దళము మూడును పలుకవలెనని ఆనాటి ఏర్పాటు. 2007లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ వైద్యుల సహకారముతో అంబులెన్సు సిబ్బందికి పైస్థాయి శిక్షణ ప్రారంభమైనది.

ఇట్టి శిక్షణవలన ప్రాణములు నిలుచునా? అమెరికాలో ఆరిజోనా రాష్ట్రమువారు ఈ ప్రశ్ననే పరీక్షించినారు. అంబులెన్సు సిబ్బందికి నేర్పినవి మూడే: ప్రాణవాయువు తగ్గనీయకుడు, రక్తపు పోటు పడిపోనీయకుడు, శ్వాససంచిని తొందరపడి గబగబ నొక్కకుడు. గబగబ నొక్కినచో మెదడు రక్తనాళములు ముడుచుకొని, ఉన్న కొద్ది నెత్తురును అందదు. 21,000 మందికి పైబడిన రోగుల లెక్కలు 2019లో వెలువడినవి. తీవ్రగాయము గలవారిలో బ్రతుకు అవకాశము రెట్టింపైనది! స్వల్పగాయముల వారిలోను, ఆశ వదలుకొన్న వారిలోను అంత మార్పు కనబడలేదు. ఖరీదైన యంత్రమేదియు ఇందులో లేదని గమనింపవలెను.

గాయపడినవాని ముట్టుకొన్న కేసులో ఇరుక్కొందుమను భయము మన దేశమున చాల మందిని ఆపినది. ఏ వైద్యుడైనను ముందు ప్రాణము కాపాడవలెనని, చట్టపు తంతు తరువాతనని సుప్రీం కోర్టు 1989లో పరమానంద కటారా కేసులో తీర్పు చెప్పినది. 2016లో సాయపడినవారి రక్షణకు నియమములను స్థిరపరచినది. 2019లో మోటారు వాహనముల చట్టములోనే ఆ రక్షణ చేరినది.

2023లో తెలంగాణ ప్రభుత్వము ఆగిన గుండెను నడిపించు సి.పి.ఆర్. పద్ధతిని పోలీసులతో సహా ముందువరుస ఉద్యోగులకు నేర్పించుట మొదలిడినది. ఆ తరగతిలోనే మరియొక గంట తలగాయమునకు ఇచ్చిన చాలును. మెడ కదల్చకుండ పట్టుకొనుట, వాంతి శ్వాసకు అడ్డుపడకుండ మనిషిని నిలువునా ఒక్కతీరుగా ప్రక్కకు త్రిప్పుట, వాసన చూచి తీర్పు చెప్పకుండుట. వీటికి తోడు ఒక చిన్న పని కలదు. పడినవాడు ఎన్ని గంటలకు మాటాడినాడో, ఎన్ని గంటలకు మాట ఆగినదో జవాను జేబుపుస్తకములో గుర్తు పెట్టుకొనుట. ఆ రెండు గడియల నడుమ ఏమి జరిగినదో శస్త్రవైద్యునకు చెప్పగలవాడు అతడొక్కడే.