బ్లాక్‌బర్న్ రోవర్స్

బ్లాక్‌బర్న్ రోవర్స్ ఇంగ్లాండు వాయవ్య ప్రాంతంలోని లాంకషైర్‌లో, బ్లాక్‌బర్న్ పట్టణానికి చెందిన ఫుట్‌బాల్ క్లబ్బు. ఇది 1875లో స్థాపించబడింది. 1888లో ఫుట్‌బాల్ లీగును ప్రారంభించిన 12 క్లబ్బులలో ఇది ఒకటి. 1992లో మొదలైన ప్రీమియర్ లీగులో కూడా ఇది వ్యవస్థాపక సభ్యత్వం కలిగి ఉంది. ఈ రెండు గౌరవాలూ దక్కిన క్లబ్బులు మూడే. మిగిలిన రెండు ఆస్టన్ విల్లా, ఎవర్టన్. హైదరాబాదులో పుట్టిన వెంకటేశ్వర హేచరీస్ సంస్థకు చెందిన కుటుంబం 2010లో ఈ క్లబ్బును కొనుగోలు చేయడంతో భారతదేశంలోనూ దీని పేరు వినిపించింది.

స్థాపన

పందొమ్మిదవ శతాబ్దంలో బ్లాక్‌బర్న్ నూలు నేతకు పేరుపొందిన మిల్లుల పట్టణం. ఇక్కడి మగ్గాలపై నేసిన ధోవతుల గుడ్డ పెద్ద ఎత్తున భారతదేశానికి ఎగుమతి అయ్యేది. భారతదేశంలో విదేశీ వస్త్ర బహిష్కరణ వలన పని కోల్పోయిన కార్మికుల స్థితిగతులు తెలుసుకోవడానికి 1931లో గాంధీజీ వచ్చిన డార్వెన్ ఈ పట్టణానికి పొరుగునే ఉంది.

1875 నవంబరు 5న జాన్ లూయిస్, ఆర్థర్ కాన్‌స్టంటైన్ అనే యువకుల చొరవతో పట్టణంలోని ఒక హోటలులో జరిగిన సమావేశంలో క్లబ్బు ఏర్పడింది. దానికి 17 మంది హాజరయ్యారు. స్థాపకులు సంపన్న కుటుంబాల విద్యావంతులు. అయితే కొద్ది కాలంలోనే ఈ ఆట మిల్లు కార్మికుల అభిమాన క్రీడగా మారింది.

కప్పు విజయాలు, వృత్తి ఆటగాళ్ళు

ఆ రోజులలో ఫుట్‌బాల్ ఆడినందుకు డబ్బు తీసుకోవడం నిషిద్ధం. ఆస్తిపరులకు ఈ నియమం ఇబ్బంది కాదు. కానీ కూలి వదులుకుని ఆటకు రావలసిన కార్మికునికి అది పెద్ద అడ్డంకి. లాంకషైర్ క్లబ్బులు చాటుగా ఆటగాళ్ళకు డబ్బు ఇస్తున్నాయన్న ఆరోపణలు వచ్చాయి. గ్లాస్గో నుండి వచ్చిన రాతిపనివాడు ఫెర్గస్ సూటర్ డార్వెన్ జట్టును విడిచి 1880లో రోవర్స్‌లో చేరాడు. తొలి వృత్తి ఆటగాళ్ళలో ఒకడిగా అతనిని పేర్కొంటారు. చివరకు 1885లో ఇంగ్లాండు ఫుట్‌బాల్ సంఘం వృత్తి క్రీడను అనుమతించింది. అదే సంవత్సరం రోవర్స్ ఆటగాడు జేమ్స్ ఫారెస్ట్ వృత్తి ఆటగాడిగా ఇంగ్లాండు జట్టుకు ఆడిన మొదటి వ్యక్తి అయ్యాడు.

1882లో రోవర్స్ ఎఫ్.ఏ.కప్పు ఫైనలుకు చేరి, ఓల్డ్ ఇటోనియన్స్ చేతిలో 0-1 తేడాతో ఓడిపోయింది. తరువాత 1884, 1885, 1886లలో వరుసగా మూడు సార్లు కప్పు గెలుచుకుంది. 1890, 1891లలో మళ్ళీ గెలిచింది. 1890 ఫైనలులో షెఫీల్డ్ జట్టుపై 6-1 తేడాతో విజయం సాధించింది. ఆరవ, చివరి ఎఫ్.ఏ.కప్పు 1928లో హడర్స్‌ఫీల్డ్ జట్టుపై 3-1 తేడాతో లభించింది.

లీగు చరిత్ర

ఇంగ్లాండులో లీగులు అంచెలుగా ఉంటాయి. సీజను చివర అట్టడుగున నిలిచిన జట్లు కింది శ్రేణికి దిగిపోతాయి. కింది శ్రేణిలో బాగా ఆడినవి పైకి వస్తాయి. రోవర్స్ 1911-12, 1913-14 సీజన్లలో లీగు విజేతగా నిలిచింది. 1936లో మొదటిసారి కింది శ్రేణికి పడిపోయింది. 1966లో మరోసారి దిగిపోయాక, పై శ్రేణికి తిరిగి రావడానికి 26 సంవత్సరాలు పట్టింది.

జాక్ వాకర్ కాలం

బ్లాక్‌బర్న్‌లోనే పుట్టి పెరిగిన జాక్ వాకర్ ఉక్కు వ్యాపారి. చిన్ననాటి నుండి ఈ క్లబ్బు అభిమాని. తన సంస్థను సుమారు 33 కోట్ల పౌండ్లకు అమ్మి, 1991లో క్లబ్బును తన అధీనంలోకి తీసుకున్నాడు. కెన్నీ డాల్‌గ్లీష్ మేనేజరుగా వచ్చాడు. 1992లో జట్టు పై శ్రేణికి చేరింది. అదే సంవత్సరం అలాన్ షియరర్‌ను సుమారు 36 లక్షల పౌండ్లకు తీసుకున్నారు.

1994-95 సీజనులో షియరర్ 34 లీగు గోల్స్ చేశాడు. 1995 మే 14న జరిగిన చివరి పోటీలో రోవర్స్ లివర్‌పూల్ చేతిలో 1-2తో ఓడిపోయింది. అయితే అదే సమయంలో వెస్ట్ హామ్‌తో మాంచెస్టర్ యునైటెడ్ పోటీ 1-1తో ముగియడం వలన, 89 పాయింట్లతో రోవర్స్ విజేత అయింది. యునైటెడ్‌కు 88 పాయింట్లు. 81 సంవత్సరాల తరువాత లభించిన విజయమిది.

1996లో షియరర్ 1.5 కోట్ల పౌండ్లకు న్యూకాజిల్ జట్టుకు వెళ్ళాడు. 1999లో జట్టు కింది శ్రేణికి దిగింది. వాకర్ 2000 ఆగస్టులో మరణించాడు. జట్టు 2001లో తిరిగి పైకి వచ్చి, 2002లో టోటెన్‌హామ్‌పై 2-1తో లీగు కప్పు గెలిచింది.

వెంకీస్ యాజమాన్యం

భారతీయ కోళ్ళ పరిశ్రమ పితామహుడిగా పేరుపొందిన డాక్టర్ బి.వి.రావు 1971లో హైదరాబాదులో వెంకటేశ్వర హేచరీస్ స్థాపించాడు. తరువాత సంస్థ పూణే కేంద్రంగా విస్తరించింది. ఆయన 1996లో మరణించాక కుమార్తె అనూరాధా దేశాయ్, కుమారులు వెంకటేశ్ రావు, బాలాజీ రావు సంస్థను నడిపించారు. 2010 నవంబరులో వీరు సుమారు 2.3 కోట్ల పౌండ్లకు క్లబ్బును కొన్నారు. ప్రీమియర్ లీగు క్లబ్బును ఒక భారతీయ సంస్థ కొనడం అదే ప్రథమం.

ఒక నెలలోనే మేనేజరు శామ్ అలర్‌డైస్‌ను తొలగించి, శిక్షకుడు స్టీవ్ కీన్‌కు బాధ్యత ఇచ్చారు. దీనిపై అభిమానులు నిరసన తెలిపారు. 2012 మే 7న విగాన్ చేతిలో ఓడి జట్టు ప్రీమియర్ లీగు నుండి నిష్క్రమించింది. ఆనాడు కొందరు నిరసనగా ఒక కోడిని మైదానంలోకి వదిలారు. తరువాతి సీజనులో హెన్నింగ్ బెర్గ్ 57 రోజులు, మైకెల్ యాపిల్టన్ 67 రోజులు మాత్రమే మేనేజర్లుగా ఉన్నారు. 2017లో జట్టు మూడవ శ్రేణికి దిగింది. ప్రీమియర్ లీగు విజేతలలో ఈ స్థితికి చేరిన మొదటి క్లబ్బు ఇదే. 2018లో టోనీ మోబ్రే మేనేజరుగా రెండవ శ్రేణికి తిరిగి వచ్చింది. 2024-25లో ఆ శ్రేణిలో ఏడవ స్థానం పొందింది.

నష్టాలను పూడ్చడానికి యజమానులు పెద్ద మొత్తాలు వెచ్చించారు. అయినప్పటికీ వారు పట్టణానికి దూరంగా ఉన్నారని, అభిమానుల మాట వినలేదని విమర్శలు కొనసాగాయి.

మైదానం, చిహ్నాలు

1890 నుండి క్లబ్బు మైదానం ఈవుడ్ పార్క్. ఇందులో సుమారు 31 వేల మంది కూర్చోవచ్చు. ఇక్కడ జాక్ వాకర్ విగ్రహం ఉంది. ఆటగాళ్ళ చొక్కా నిలువునా సగం నీలం, సగం తెలుపు. చిహ్నంలో లాంకషైర్ ఎర్ర గులాబీ, "నేర్పుతో, శ్రమతో" అనే అర్థం గల లాటిన్ సూక్తి ఉంటాయి. పొరుగు పట్టణపు బర్న్‌లీ క్లబ్బు దీనికి చిరకాల ప్రత్యర్థి.

ప్రధాన విజయాలు

* లీగు విజేత: 1911-12, 1913-14, 1994-95
* ఎఫ్.ఏ.కప్పు: 1884, 1885, 1886, 1890, 1891, 1928
* లీగు కప్పు: 2002