చదరంగములో బలమునకు అంకె – దానిని దాచిన కథ

రచ్చబండమీద పులిజూదమాడు ఇద్దరికిని ఒకరి బలమొకరికి తెలిసియే యుండును. ఎవడు చేయి తిరిగినవాడో, ఎవడు నిన్న నేర్చినవాడో ఊరంతయు ఎరుగును. జనగామలోని బాలుడొకడు చేతిఫోనులో చదరంగమాడ కూర్చున్నచో సంగతి వేరు. ఎదుటివాడు మహబూబాబాదులో నుండవచ్చును, భూపాలపల్లిలో నుండవచ్చును, బ్రెజిలులోనైనను ఉండవచ్చును. ముఖము కనబడదు. పేరు ప్రక్కన ఒక అంకె మాత్రము కనబడును. అది తన అంకెకన్న మూడువందలు ఎక్కువైనచో, మొదటి ఎత్తు వేయకమునుపే బాలుని గుండె జారును. ఈ అంకె ఎక్కడినుండి వచ్చినది? దానిని దాచవలెనను ఆలోచన ఎందుకు కలిగినది?

అంకెలు లేని కాలమున ఐరోపాలో బలవంతుడైన ఆటగాడు తన బంటునో, గుర్రమునో, ఏనుగునో ముందే తీసివేసి ఆడెడివాడు. బలాబలములు బహిరంగముగా ఒప్పుకొని, ఆటను సమానము చేయుటకు అది ఉపాయము. ఎవరికెంత బలమన్నది మాత్రము నోటిమాటయే.

ఇరువదవ శతాబ్ది మధ్యమున ఈ బలమును లెక్కకు తెచ్చు యత్నములు మొదలైనవి. 1948లో జర్మనీలో హోస్లింగర్, 1950లో అమెరికాలో హార్క్‌నెస్ చెప్పిన పద్ధతులు అమలులోనికి వచ్చినవి. ఆ పిమ్మట హంగేరీలో పుట్టి అమెరికాలో భౌతికశాస్త్రము బోధించిన ఆర్పాడ్ ఎలో గణాంకశాస్త్రము ఆధారముగా మేలైన పద్ధతిని కూర్చెను. 1960లో అమెరికా చదరంగ సమాఖ్య, 1970లో ప్రపంచ సమాఖ్య దానిని స్వీకరించినవి.

దాని కీలకము సులభమైనదే. ఇద్దరి అంకెల నడుమ 200 తేడా యున్నచో, బలవంతునికి నూరు ఆటలలో సుమారు 76 పాయింట్లు రావలెను. 400 తేడా యున్నచో 91 రావలెను. వచ్చిన ఫలితమునకును, రావలసిన దానికిని గల భేదమునుబట్టి అంకె మారును. గుణకము 20 అనుకొందము. 200 తక్కువగా నున్నవాడు గెలిచినచో అతనికి 15 చేరును. బలవంతుడు గెలిచినచో 5 మాత్రమే చేరును. కాన ఈ అంకె తీర్పు కాదు, అంచనా మాత్రమే.

ఈ అంకెల చరిత్రలో తెలుగువారికిని చోటు కలదు. గుడివాడకు చెందిన కోనేరు హంపి 2007లో 2600 దాటి, ప్రపంచములో ఆ మెట్టునెక్కిన రెండవ మహిళయైనది. 2003లో వరంగల్లులో పుట్టిన ఎరిగైసి అర్జున్ 2018లో గ్రాండ్‌మాస్టరై, 2024 డిసెంబరు పట్టికలో 2801 అంకెతో నిలిచెను. ఆనంద్ తరువాత 2800 దాటిన భారతీయుడితడే. 2016 వరకు జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి సీమలు ఆ వరంగల్లు జిల్లాలోనివే.

అయితే కొలత భయముగా మారుటయు కలదు. ఎదుటివానిని గూర్చిన ఎరుక ఆటను మార్చునని 2008లో ప్రకటితమైన ఒక ఇటలీ పరిశోధన చూపినది. సమానమైన బలము గల 42 స్త్రీ పురుష జంటలచేత ఇంటర్నెట్టులో చదరంగమాడించిరి. ఎదుటివారెవరో తెలియనపుడు స్త్రీలు పురుషులతో సమానముగా ఆడిరి. ఎదుట నున్నది పురుషుడని తెలిసి, పురుషులే ఈ ఆటలో మేటులను మాట గుర్తు చేయబడినపుడు వారి ఆట బాగుగా దిగజారెను. అదే పురుషుని స్త్రీ యని నమ్మించినపుడు మరల సమానముగా ఆడిరి. నైపుణ్యము మారలేదు, తెలిసిన సంగతి మాత్రమే మారినది. అక్కడ దాచినది అంకె కాదు గాని, అంకెకును ఇట్టి ప్రభావము ఉండవచ్చునని ఊహించుట కష్టము కాదు.

2010లో మొదలైన లీచెస్ అను ఉచిత చదరంగ వేదికలో, కోరినవారు అంకెలన్నిటిని తమ తెరమీద కనబడకుండ చేసికొనవచ్చును. లీగ్ ఆఫ్ లెజెండ్స్ అను వీడియో ఆటలో జత కూర్చు అంకె యంత్రమునకే తెలియును. ఆటగానికి శ్రేణి పేరు మాత్రము కనబడును. ఇక్కడ కొలత రద్దు కాలేదని గమనింపవలెను. సమాన బలులను జత చేయుటకు యంత్రము దానిని వాడుచునే యున్నది. పరీక్షపత్రముపై పేరునకు బదులు సంకేతసంఖ్య వేయుట వంటిదే ఇది.

దాచుట అన్నిచోట్ల తగదు. పోటీశాలలో ఎదుటివానిని ఎరిగి సిద్ధపడుటయు విద్యలో భాగమే. అంకె తెలిసినను బెదరనివారు కలరు. 2025 జూలైలో బటూమీలో జరిగిన మహిళల ప్రపంచకప్పు తుదిపోరులో, తక్కువ అంకె గల దివ్య దేశ్‌ముఖ్ హంపిని ఓడించెను.

జనగామ బాలుని కడకు తిరిగి వత్తము. మూడువందల తేడాకు ఎలో లెక్క ప్రకారము బలహీనునికి నూటికి 15 పాయింట్లు రావలెను. భయపడి ఆడినవాడు ఆ పదునైదును కూడ ఎదుటివానికి ధారపోయును. అంకెను దాచుటవలన బాలుని బలము పెరగదు. అతనికి న్యాయముగా రావలసిన పదునైదు మాత్రము అతనికి దక్కవచ్చును.