పేరులో దాచిన సీసం

1924 అక్టోబరులో న్యూజెర్సీలోని బేవే రిఫైనరీలో అయిదుగురు కార్మికులు మతి చలించి చనిపోయారు. వాళ్లు తయారుచేసింది పెట్రోలులో కలిపే సీసపు ద్రవం. అమ్మకానికి పెట్టిన పేరు ‘ఇథైల్’. సీసం అన్న మాటే అందులో లేదు. కార్మికులు మాత్రం ‘పిచ్చి గ్యాసు’ అన్నారు. శబ్దార్థాల చర్చ చేసే మనం ఈ రెండు పేర్ల దగ్గర కాస్త ఆగాలి. దాన్ని కనిపెట్టిన మిడ్జ్‌లీ ఆ నెలాఖరునే విలేకరుల ముందు అందులో చేతులు కడిగి చూపించాడు. అంతకుముందు ఏడాది సీసంతో జబ్బుపడ్డవాడే!

1979లో నీడిల్‌మన్ బోస్టన్ దగ్గరి పిల్లల ఊడిన పాలపళ్లలో సీసం కొలిచాడు. ఎక్కువున్నవాళ్లు తెలివి పరీక్షల్లో వెనకబడ్డారు. వీళ్లకు ధ్యాస నిలవదని చెప్పింది, ఆ కొలతలు తెలియని పంతుళ్లే. 1990 నాటికి బడి మధ్యలో మానేసినవాళ్లూ వీళ్లలోనే ఎక్కువ.

నేనూ పంతుల్నే. మొద్దులని నేను బెంచీ ఎక్కించిన తొలి తరగతుల పిల్లలు 2000కు ముందు పుట్టినవాళ్లు. మన దేశంలో సీసపు పెట్రోలు ఆగింది ఆ ఏడే.